పేరు వేసుకోని దర్శకుడు

1961 జనవరి 6న విడుదలైన 'సీతారామ కల్యాణం' టైటిల్స్‌లో దర్శకుడి పేరు కనిపించదు. మాటలు, పాటలు సముద్రాల రాఘవాచార్య, సంగీతం గాలి పెంచల నరసింహారావు, ఛాయాగ్రహణం రవికాంత్ నగాయిచ్. వీళ్లందరి పేర్లూ వరసగా పడతాయి. దర్శకత్వం అన్న మాట మాత్రం తెర మీదికి రాదు. ఆ సినిమాకు దర్శకత్వం వహించింది నందమూరి తారక రామారావు. అదే ఆయన మొదటి ప్రయత్నం. తమ్ముడు త్రివిక్రమరావుతో కలిసి నడిపిన నేషనల్ ఆర్ట్ థియేటర్స్ సంస్థ సొంతదే, డబ్బు సొంతదే, రావణుడి వేషమూ తనదే. అయినా పేరు వేసుకోలేదు.

ఆయన పోయి ముప్పై ఏళ్లవుతున్నా ఆ దర్శకుడికి దక్కవలసిన పేరు ఇంకా దక్కలేదని నా బాధ. 1996 జనవరి 18న, సంక్రాంతి వెళ్లిన నాలుగు రోజులకే, ఆ వార్త వచ్చింది. లాల్ బహదూర్ స్టేడియంలో ఉంచిన భౌతికకాయాన్ని చూడటానికి జనం విరగబడ్డారు. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది కూడా ఆ స్టేడియంలోనే. మర్నాటి పేపర్లన్నీ రాజకీయ నాయకుడి గురించి, కథానాయకుడి గురించి రాశాయి. రాముడు పోయాడన్నారు, కృష్ణుడు పోయాడన్నారు. 2023లో శతజయంతి వచ్చినప్పుడూ సభల్లో ఇవే మాటలు. షాటు పెట్టినవాడు, సన్నివేశాన్ని మలిచినవాడు, ఎవరి మాట ఎక్కడ ఆపాలో, ఎవరి మొహం మీద కెమెరా నిలపాలో నిర్ణయించినవాడు కూడా ఆ రోజే పోయాడు. ఆయన కోసం ఏడ్చినవాళ్లు తక్కువ. నా చిన్నతనాన్ని తీర్చిదిద్దినవాడు ఆ దర్శకుడే కనుక ఆయన పనితనం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది. రాజకీయం సంగతి ఇక్కడ ఎత్తను. దాని గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు.

మేం పెరిగింది నాచారంలో. ఒక పక్క పారిశ్రామికవాడ. షిఫ్టు మారినప్పుడల్లా సైరన్లు, సైకిళ్ల మీద టిఫిన్ డబ్బాలు. ఇంకో పక్క రామారావు గారి రామకృష్ణా హార్టికల్చరల్ స్టూడియో. పేరులోనే తోట ఉన్న స్టూడియో అది. నల్లగొండ నుంచి, వరంగల్ నుంచి, కోస్తా జిల్లాల నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు మావి. తలో యాస. ఆ యాసలన్నిటి మధ్యా అందరికీ కంఠతా వచ్చిన ఉమ్మడి పాఠం ఏదైనా ఉందంటే అది రామారావు గారి సినిమాల్లో మాటలే. 'దాన వీర శూర కర్ణ' సంభాషణలు ముందు గ్రామఫోను రికార్డులుగా, తర్వాత క్యాసెట్లుగా వచ్చాయి. గణేశ్ మండపంలో పూజ అయిపోగానే మైకులో అవే పెట్టేవాళ్లు. ఉప్పల్ పక్కనే రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం. అక్కణ్నుంచి ప్రసారమయ్యే పాత సినిమా కోసం, టీవీ ఉన్న ఇంటి వరండాలో వాడకట్టంతా చేరేది. శ్రీరామనవమికి పందిరి వేస్తే, పెళ్లి తంతు మొదలు కాకముందే సుశీల గొంతులో 'సీతారామ కల్యాణం'లోని ఆ పెళ్లిపాట మోగాల్సిందే. ఇప్పటికీ ఉప్పల్‌లో ఏ గుడి ముందు పందిరి వేసినా అదే పాట. అది ఒక సినిమాలోనిదని, ఆ సినిమాకు ఒక దర్శకుడున్నాడని పాట వింటున్న పిల్లలకు తెలియదు. మాకూ తెలియదు. అది నవమితో పాటే పుట్టిందనుకునేవాళ్లం.

ఆ సినిమా దగ్గరే మొదలుపెడతాను. రాముడి పెళ్లి కథ అది. హరనాథ్ రాముడు, కొత్తగా వచ్చిన గీతాంజలి సీత. కానీ కథకు వెన్నెముక రావణుడు. పెళ్లి కథలో రావణుడికి ఇంత చోటు ఇవ్వాలని ఆలోచించడమే దర్శకుడి మొదటి నిర్ణయం. ఈ నిర్ణయాన్నే ఆయన తర్వాత పాతికేళ్లు రకరకాలుగా సాగదీశారు. లోకం చెడ్డవాడన్నవాణ్ని తెర మధ్యలో నిలబెట్టి, వాడి మాట పూర్తిగా వినిపించిన తర్వాతే తీర్పు చెప్పడం. ఆయన పౌరాణికాలకు మూలం అదే.

కైలాసం దగ్గరి సన్నివేశం చూడండి. శివుడు కరుణించడు. రావణుడు తన పేగులే తీగలుగా చేసి వీణ మీటుతాడు. ఘంటసాల గొంతు ఆ బాధను ఎక్కడా అరుపుగా మార్చదు. మామూలు దర్శకుడైతే ఇక్కడ భయం పుట్టించేవాడు. రామారావు గారు అక్కడ భక్తిని చూపించారు. చూస్తున్న పిల్లాడికి రావణుడి మీద జాలి కలుగుతుంది. ఆ జాలి చివరిదాకా పోదు. పెళ్లి బాగా జరగాలని కోరుకుంటూనే, రావణుడి అవమానానికి నొచ్చుకుంటాం. ఒకేసారి రెండు పక్షాల మీదా మనసు పడేలా చేయడం చిన్న విద్య కాదు.

ఇక పది తలలు. కంప్యూటర్లు లేని కాలంలో పది తలలూ ఒకే మనిషివి, అన్నీ సజీవంగా కదలాలంటే ఎంత పని ఉందో ఊహించండి. కెమెరా కంటి ముందు నల్లటి అడ్డు పెట్టి, ఒక్క తల పట్టే చోటు మాత్రం తెరిచి తీయాలి. తర్వాత అదే ఫిలింను వెనక్కి తిప్పి, మొదట తీసిన చోటు మూసి, పక్క చోటు తెరిచి మళ్లీ తీయాలి. ఇలా తల తర్వాత తల. కెమెరా వెంట్రుకవాసి కదిలినా, నటుడి భుజం కాస్త జరిగినా అంతకుముందు తీసిందంతా వృథా. తీస్తున్నప్పుడు చూసుకోవడానికి ఏ తెరా లేదు. ఫిలిం కడిగి వచ్చేదాకా అది కుదిరిందో లేదో ఎవరికీ తెలియదు. ఆ షాటు కోసం రామారావు గారు గంటల తరబడి కదలకుండా నిలబడ్డారని అందరూ చెప్పుకునేదే. ఆయన ఓర్పు సంగతి అలా ఉంచితే, నాకు ఎక్కువ గొప్పగా అనిపించేది ఆయన నమ్మకం. నగాయిచ్‌కు ఛాయాగ్రాహకుడిగా అది మొదటి సినిమా. తానూ మొదటిసారి దర్శకత్వం చేస్తూ, ఇంత ప్రమాదకరమైన పనిని ఒక కొత్తవాడి చేతిలో పెట్టారు. ఆ నగాయిచే తర్వాత బొంబాయి వెళ్లి 1967లో జితేంద్రతో 'ఫర్జ్' తీసి పెద్ద దర్శకుడయ్యాడు. మనిషిని పసిగట్టడం కూడా దర్శకత్వంలో భాగమే.

1962లో 'గులేబకావళి కథ' తీసినప్పుడు పాటలన్నీ సి. నారాయణరెడ్డి చేత రాయించారు. సినారెకు సినిమా అదే మొదలు. హనుమాజీపేటలో పుట్టి, ఉర్దూ మాధ్యమంలో చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పిన కవి ఆయన. మా నాచారం నుంచి తార్నాక దాటితే ఉస్మానియా. మద్రాసులో ఉన్న సినిమావాళ్లకు హైదరాబాదు కవులు అంతగా కనపడని రోజుల్లో, ఒకటీ రెండూ కాదు, మొత్తం పాటలు ఒక కొత్త కవికి అప్పగించడమంటే సాహసమే. పదిహేనేళ్ల తర్వాత దుర్యోధనుడికి యుగళగీతం రాయాల్సి వచ్చినప్పుడు ఆ సినారే కలం పట్టారు. దాని సంగతికి వస్తాను.

'శ్రీకృష్ణ పాండవీయం' 1966 జనవరిలో వచ్చింది. కృష్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే. దీన్లో రెండు చోట్ల దర్శకుడి చెయ్యి స్పష్టంగా కనిపిస్తుంది. ఒకటి శకుని కథ. ధూళిపాళ సీతారామశాస్త్రి శకుని. దుర్యోధనుడు తాతనూ మేనమామలనూ చెరలో పెట్టి మాడ్చడం, ఉన్న నాలుగు మెతుకులూ ఒక్కడికే పెట్టి ఆ ఒక్కణ్ని పగకోసం బతికించుకోవడం, తండ్రి ఎముకలతో శకుని పాచికలు చేసుకోవడం. ఇది వ్యాసభారతంలో లేదు. జనం నోళ్లలో తిరిగిన కథ. దాన్ని తెచ్చి సినిమాలో పెట్టడంతో శకుని ఒక్కసారిగా మారిపోయాడు. అప్పటిదాకా మన నాటకాల్లో శకుని అంటే కుంటుతూ నడిచే కుట్రదారు. ఇక్కడ వాడికి ఒక చెర ఉంది, చచ్చిపోయిన అన్నదమ్ములున్నారు. కౌరవులకు మేలు చేస్తున్నట్టు కనిపిస్తూ వాళ్ల వేళ్లే నరుకుతున్నాడని తెలిశాక, వాడి ప్రతి నవ్వూ రెండు అర్థాలతో వినిపిస్తుంది. పాచిక పడిన ప్రతిసారీ చనిపోయిన తండ్రి పలుకుతున్నట్టుంటుంది.

రెండోది మయసభ. నీరు ఉన్నచోట నేల అనుకుంటాడు, నేల ఉన్నచోట నీరనుకుంటాడు, తడబడతాడు, పడతాడు, ద్రౌపది నవ్వుతుంది. కథ మనందరికీ తెలుసు. తెలిసిన కథలో కొత్తగా చెప్పేదేముంటుంది? రామారావు గారు దుర్యోధనుణ్ని ఒంటరిగా వదిలేశారు. సభలో తిరుగుతున్నంతసేపూ వాడు పగవాడు కాదు, మంచి పనితనాన్ని చూసి ముచ్చటపడే రాజు. ఆ కళ్లలో అసూయ కంటే ముందు ఆశ్చర్యం ఉంటుంది. ఆ ఆశ్చర్యాన్ని తొందరపడకుండా సాగనిచ్చాడు దర్శకుడు. అందుకే నవ్వు వినిపించినప్పుడు దెబ్బ అంత లోతుగా తగులుతుంది. ముందే పళ్లు నూరుతూ వచ్చినవాడు పడితే మనమూ నవ్వేవాళ్లం. మెచ్చుకుంటూ నడిచినవాడు పడ్డాడు కాబట్టి మనకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఆ తర్వాత వచ్చే స్వగతం, పరాభవం నుంచి పంతానికి మెట్టు మెట్టుగా ఎక్కుతుంది.

తెలుగునాట ఏ బడి వార్షికోత్సవమైనా తీసుకోండి. ఏకపాత్రాభినయం పోటీలో కనీసం ఒక్క దుర్యోధనుడైనా ఉంటాడు. భుజాన పట్టు తువ్వాలు, కాటుకతో దిద్దిన మీసం, అట్టముక్కకు వెండి కాగితం చుట్టిన గద. మా బడిలోనూ అంతే. ఆ పిల్లలెవరూ భారతం చదివి దుర్యోధనుడు కాలేదు. రామారావు గారు ఎక్కడ ఊపిరి తీశారో అక్కడే తీస్తారు, ఎక్కడ తల తిప్పారో అక్కడే తిప్పుతారు. ఒక దర్శకుడు కట్టిన సన్నివేశం తెర, కెమెరా, సెట్టు ఏమీ లేకుండా, నాలుగు బల్లలు కలిపి వేసిన స్టేజీ మీద కూడా నిలబడుతోందంటే దాని కట్టుబడి ఎంత గట్టిదో చూడండి. ఎడిటింగ్ మీద ఆధారపడిన సన్నివేశమైతే ఇలా బడిలో బతకదు.

1977 జనవరి 14న 'దాన వీర శూర కర్ణ' వచ్చింది. అదే రోజు కృష్ణ కథానాయకుడుగా, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో 'కురుక్షేత్రం' కూడా విడుదలైంది. ఒకే భారతం, ఒకే సంక్రాంతి. రామారావు గారు మద్రాసు వదిలి హైదరాబాదులో సొంతంగా పెట్టుకున్న రామకృష్ణా సినీ స్టూడియోస్ పతాకం మీద తీసిన సినిమా ఇది. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ ఆయనే. దర్శకత్వం, నిర్మాణం ఆయనే. దాదాపు 4 గంటల సినిమాను 43 రోజుల్లో తీశారు. ఒక్కో వేషానికి ఒక్కో రకం అలంకరణ, కిరీటం, నగలు. ఒక పాత్ర విప్పి ఇంకో పాత్ర కట్టుకోవడానికి పట్టే వేళ కూడా ఆ 43 రోజుల్లోంచే పోవాలి. అంటే ప్రతి షాటూ ముందే తలలో పూర్తయి ఉండాలి. సెట్టు మీదికి వచ్చి ఆలోచించుకునే దర్శకుడు ఈ సినిమాను ఏడాదికి కూడా పూర్తి చేయలేడు.

కుమారాస్త్రవిద్యా ప్రదర్శన సన్నివేశాన్నే పట్టుకుందాం. తెలుగువాళ్లకు ఇంతకంటే ఎక్కువ గుర్తున్న సన్నివేశం ఇంకొకటి ఉండదేమో. కర్ణుడు బరిలోకి వచ్చాడు, కులం అడిగారు, తల దించుకున్నాడు. దుర్యోధనుడు లేచాడు. మాటలు కొండవీటి వేంకటకవివి. సంప్రదాయ పాండిత్యం నిండుగా ఉండి, ఆధునిక దృష్టి కూడా ఉన్న కవి. ఆ ప్రసంగపు నిర్మాణం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అడిగిన గురువు పుట్టుకతో మొదలుపెడతాడు. అక్కణ్నుంచి సభలో అందరికంటే పెద్దవాడైన పితామహుడి దగ్గరికి వెళతాడు. ఆయన్నీ దాటి, వంశానికి మూలమైన వశిష్ఠుడి దాకా ఎక్కుతాడు. అక్కడ ఆగి, తరం తర్వాత తరం మెట్టు దిగుతూ వస్తాడు. శక్తి, పరాశరుడు, వ్యాసుడు, చివరికి తన సొంత తండ్రి, పినతండ్రి, విదురుడు. ఒక్కో తల్లిదీ ఒక్కో కులం. దిగుడు ఆగేది ఎక్కడంటే తన గడప మీద. తన వంశమే ఎప్పుడో కలగలిసిపోయిందని తానే ప్రకటిస్తాడు. ఎదుటివాడి మచ్చ చూపించి వదిలితే అది నింద. తన ఇంటి మచ్చ కూడా తానే చెప్పుకున్నాడు కాబట్టి ఇక ఎవరికీ నోరు పెగలదు.

మా నాయినకు ఈ సన్నివేశం ప్రాణం. ఫ్యాక్టరీలో యూనియన్ మీటింగుల్లో మాట్లాడే మనిషి. "మాట అంటే గట్లుండాలె బిడ్డా. ఎదుటోడు జవాబు ఎతుక్కుంటనే ఉండాలె" అనేవాడు. సినిమా చూసి మాటకారితనం నేర్చుకున్న తరం అది.

ఆ మాటలను పలికిన తీరు కూడా దర్శకుడి లెక్కే. మధ్యలో తరాలను గుదిగుచ్చిన ఒక వాక్యం ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది కదా, ఆ వాక్యంలో కూడా క్రియ చిట్టచివరికి గానీ రాదు. అంతదాకా ఊపిరి ఆపాలి. చెప్పేవాడే కాదు, వినేవాళ్లూ ఆపుతారు. దీన్ని ముక్కలు చేసి, మధ్యలో నలుగురి మొహాలు చూపించి సులువు చేసుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. వాక్యం ఎంత పొడవుందో ఆ బిగువు అంతసేపూ నిలవనిచ్చారు. పద్యనాటకంలో నటుడు రాగం సాగదీసినప్పుడు జనం ఊపిరి బిగబట్టే అలవాటు మనకుంది. ఆ అలవాటునే వచనానికి తెచ్చారు. సురభివాళ్ల నాటకాలు, తిరుపతి వేంకట కవుల పద్యాలు చూసి, విని పెరిగిన జనానికి సినిమా అనేది కొత్త వస్తువు అనిపించకుండా చేశారు. ఈ సినిమాలోని రాయబారానికి కూడా తిరుపతి వేంకట కవుల పద్యాలే వాడుకున్నారు. పల్లెల్లో రచ్చబండ దగ్గర జనం పాడుకునే పద్యాలను మార్చి కొత్తవి రాయించే పని పెట్టుకోలేదు.

ఇంకో సంగతి ఉంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరికీ తట్టదు. దుర్యోధనుడు కర్ణుడి కోసం మాట్లాడుతున్నాడు. ఇద్దరూ ఒకే మనిషి. అంటే ఆ ప్రసంగం చెబుతున్నప్పుడు ఎదురుగా కర్ణుడు లేడు. ఖాళీ చోటో, వెనక నుంచి చూపించడానికి నిలబెట్టిన డూపో ఉండాలి. వేషం విప్పి, కర్ణుడి వేషం కట్టుకుని, చెవుల్లో తన గొంతే మోగుతుండగా ఆ మాటలు విని కదిలిపోయినట్టు నిలబడాలి. మాట చెప్పినవాడూ, విన్నవాడూ వేరువేరు వేళల్లో తీసిన ముక్కలు. అవి కలిసినప్పుడు ఇద్దరి మధ్య స్నేహం పుట్టాలి. పుట్టింది. దుర్యోధనుడి గడ్డం ఎప్పుడూ కాస్త పైకి ఉంటుంది, ఛాతీ ముందుకు వస్తుంది. కర్ణుడి మెడ కాస్త వంగి, చూపు కిందికి ఉంటుంది. కృష్ణుడికి తల ఒక పక్కకు వాలుతుంది, పెదవి మీద చిరునవ్వు నిలిచి ఉంటుంది. మూడు వేషాలకు మూడు రకాల మెడలు. నటుడికి ఇది నటన. దర్శకుడికి ఇది అవసరం. లేకపోతే కత్తిరించి అతికించిన చోట ముగ్గురూ కలగాపులగం అయిపోతారు.

దుర్యోధనుడికి భానుమతితో యుగళగీతం పెట్టడం పండితులకు నచ్చలేదు. పౌరాణికంలో ఖలనాయకుడికి శృంగారగీతమా అని అడిగారు. పెండ్యాల నాగేశ్వరరావు బాణీ, సినారె సాహిత్యం, బాలు, సుశీల గొంతులు. నా మట్టుకు ఆ సినిమాలో ఆ పాట లేకపోతే ఒక పెద్ద లోటు. దుర్యోధనుణ్ని ప్రేమించిన మనిషి ఒకరున్నారని అది చెబుతుంది. ఆ మనిషి ముందు వాడు సరదాగా ఉండగలడు, చిందులు వేయగలడు. తర్వాత జరగబోయేదంతా ఒక ఇంటికి కూడా జరుగుతుందని ముందే మనకు తెలిసిపోతుంది. 

తప్పుల్లేవని అనను. 43 రోజుల తొందర యుద్ధం దగ్గర కనిపిస్తుంది. రథాలు, సైన్యాలు పలచగా ఉంటాయి, బాణాలు బాణాల్ని ఢీకొట్టే తీరు అప్పటికే పాతబడింది. గోడలు కొన్ని చోట్ల అట్టగోడలని తెలిసిపోతుంది. 'శ్రీరామ పట్టాభిషేకం', 'శ్రీ తిరుపతి వేంకటేశ్వర కల్యాణం' లాంటి వాటిలో నిడివి ఎక్కువై కథ మందగిస్తుంది. చివరి రోజుల్లో తీసిన 'బ్రహ్మర్షి విశ్వామిత్ర', 'సామ్రాట్ అశోక్' సినిమాల్లో పాత పట్టు లేదు. అయినా ఆ లోపాలన్నీ దృశ్యానికి సంబంధించినవే. మాట దగ్గరా, పాత్ర తరఫున వాదించడం దగ్గరా ఆయన దాదాపు ఎప్పుడూ తప్పలేదు.

ఈ విద్య ఎక్కడ నేర్చారని అడిగితే నేను కె.వి. రెడ్డి పేరు చెబుతాను. 'పాతాళభైరవి', 'మాయాబజార్' సెట్ల మీద నటుడిగా నిలబడి ఆ స్క్రీన్‌ప్లే బిగువును దగ్గర నుంచి చూశారు. తర్వాత గురువుకు అవకాశాలు తగ్గిన రోజుల్లో, 1971లో 'శ్రీకృష్ణ సత్య'ను తన సంస్థలో ఆయన చేత తీయించారు. అదే కె.వి. రెడ్డి చివరి సినిమా, మరుసటి ఏడాదే ఆయన పోయారు. అప్పటికి తాను నాలుగైదు సినిమాలకు దర్శకుడై ఉండి కూడా ఆ కుర్చీ గురువుకు ఇచ్చారు. కాకపోతే కె.వి. రెడ్డిది పొదుపు. అనవసరమైన షాటు ఒక్కటి ఉండనివ్వరు. శిష్యుడిది ధారాళం. గురువు రెండు మాటల్లో తేల్చేదాన్ని శిష్యుడు రెండు నిమిషాలు నిలబెడతాడు. నాకు ఇద్దరూ ఇష్టమే, కానీ పిల్లవాడిగా నాకు మాటలు నేర్పింది శిష్యుడే.

పౌరాణికాలే కాదు. 1969లో 'వరకట్నం' తీశారు. 1974లో 'తాతమ్మకల' తీసి, భానుమతి గారి చేత తాతమ్మ వేషం వేయించి, బాలకృష్ణను తెరకు పరిచయం చేశారు. 1977లోనే 'చాణక్య చంద్రగుప్త' తీసి అక్కినేనిని చాణక్యుడిగా, శివాజీ గణేశన్‌ను అలెగ్జాండరుగా చూపించి తాను చంద్రగుప్తుడయ్యారు. తెర మీద తనకంటే బలమైన పాత్రను తోటి అగ్రనటుడికి ఇవ్వగలగడం దర్శకుడికే సాధ్యం, కథానాయకుడి అహం ఒప్పుకోదు. 1979లో 'శ్రీమద్విరాటపర్వం'లో ఐదు వేషాలు వేశారు. కీచకుణ్ని వేసిందీ ఆయనే, ఆ కీచకుడు చచ్చిన తర్వాత ఉత్తర గోగ్రహణానికి వెళ్లిన బృహన్నల కూడా ఆయనే. సెన్సారుతో పోరాడి 1984లో విడుదల చేసిన 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర'లో సిద్ధయ్య, కక్కయ్య లాంటి శిష్యుల కథలకు ఇచ్చిన చోటు చూస్తే, కర్ణుడి సభలో మొదలైన వాదన అక్కడా కొనసాగుతోందని తెలుస్తుంది. మా వాడకట్టులో ఆ సినిమా చూసి వచ్చినవాళ్లు చాలా రోజులు స్వామి మహిమల గురించి కాక, కక్కయ్య గురించి మాట్లాడుకున్నారు.

ఇప్పుడు ఉప్పల్ మీద మెట్రో పోతోంది. నాగోలు నుంచి తార్నాక దాకా పది నిమిషాల పని. నాచారంలో ఫ్యాక్టరీల చోట అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. పౌరాణికాలు మళ్లీ వస్తున్నాయి కూడా. బోలెడు డబ్బు, అద్భుతమైన గ్రాఫిక్కులు. పది తలలు చూపించడం ఇప్పుడు కష్టమేమీ కాదు. కానీ వాటిలో నాలుగు నిమిషాలు నిలబడి వాదించే పాత్ర నాకు కనపడటం లేదు. మాట మొదలవగానే సంగీతం మీద పడుతుంది, లేదా కెమెరా చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. ప్రేక్షకుడికి వినే ఓపిక లేదని ముందే తీర్మానించుకుని తీస్తున్న సినిమాలవి. 4 గంటల సినిమాను నేల టికెట్టు కొని చూసినవాళ్లు వింటారని ఆ దర్శకుడు నమ్మారు. చదువు రాని మా అమ్మమ్మ ఆ సంస్కృత సమాసాలన్నీ తప్పు పోకుండా అప్పజెప్పేది. ఆమెను అంతగా నమ్మిన దర్శకుడు పోయాడన్నదే నా దుఃఖం.

'దాన వీర శూర కర్ణ' మళ్లీ చూసే అవకాశం వస్తే, ప్రసంగాలన్నీ మీకు ఎలాగూ నోటికి వచ్చు కాబట్టి, ఈసారి మాట్లాడేవాణ్ని వదిలేసి వినేవాణ్ని చూడండి. ముఖ్యంగా కృష్ణుడు కర్ణుడికి పుట్టుక రహస్యం చెప్పే చోట. అడిగేవాడూ ఆయనే, కాదనేవాడూ ఆయనే. రాజ్యం ఇస్తానంటున్న కృష్ణుడి మాటలకు కర్ణుడి మొహంలో ఏ ఆశా కదలదు, తల్లి పేరు వచ్చినప్పుడు మాత్రం ఆ చూపు చెదురుతుంది. జవాబు చెప్పేటప్పుడు గొంతు మళ్లీ స్థిరపడి ఉంటుంది. కర్ణుడు ఎప్పుడు నిర్ణయం తీసుకున్నాడో ఆ చూపుకూ, ఆ గొంతుకూ మధ్య ఉన్న మౌనంలో వెతకండి.